నాన్నగారు బిగించిన పాత ఫోర్డ్ ట్రాక్టరు స్టార్ట్ కావడం లేదు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ నగరానికి కొంత దూరాన నాలుగెకరాల స్థలం కొనుక్కున్న ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. ఆ స్థలంలోని పాకతో పాటు, పాకలో ఉన్న 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ పెట్రోలు ట్రాక్టరు కూడా ఆయనకు దక్కింది. కొన్న రోజున అది నడిచింది. అయితే నీలిపొగ ఎక్కువగా వదిలేది, హెడ్ గాస్కెట్ దగ్గర నీరు చెమర్చేది. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ట్రాక్టర్ మెకానిక్‌గా పనిచేసిన వాళ్ల నాన్నగారు ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చినప్పుడు, ఇద్దరూ కలిసి దాన్ని నట్టు నట్టు విప్పారు. వాల్వులు గ్రైండింగ్ చేయించారు, కొత్త రింగులు వేశారు, టైమింగ్ కవర్ తీసి గేర్లు కడిగి మళ్లీ పెట్టారు, కార్బొరేటరుకు కొత్త కిట్ వేశారు, సిలిండర్లకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును తెంపే లోహపు ముక్కలు), కండెన్సర్ మార్చారు. ఇంజినుకు ఎర్ర రంగు, బానెట్టుకూ మడ్‌గార్డులకూ బూడిద రంగు వేసి, బ్యాటరీ కేబుళ్లు, ప్లగ్ వైర్లు కూడా కొత్తవి పెట్టారు.

బిగించి మూడు వారాలైంది, ఇంజిన్ మాత్రం అందుకోలేదు. సెల్ఫ్ కొడితే నెమ్మదిగా తిరుగుతుంది. మొదటి రోజు ఒకసారి కార్బొరేటరు వైపు నుండి పెద్ద చప్పుడుతో మంట తన్నింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు బయట పెట్టి చూస్తే పసుపు రంగు నిప్పురవ్వ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టేజి పుట్టించే కాయిల్ కొత్తది, కొత్త ప్లగ్గులు, చివరికి కొత్త కార్బొరేటరు కూడా కొన్నారు. నాలుగు వందల డాలర్లు ఖర్చయ్యాయి, ఫలితం లేదు. "పెట్రోలు అందడం లేదు, లైనులో గాలి చేరింది" అని నాన్నగారు అన్నప్పుడు, పక్కింటి పెద్దమనిషి ఎదుటే ఈయన "ఇది డీజిల్ బండి కాదు నాన్నా" అని కసిరారు. ఆ రోజు నుండి నాన్నగారు పాకలోకి రావడం మానేశారు. తిరుగు ప్రయాణానికి ఇంకా అయిదు వారాలే ఉంది. ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టి, తన పికప్ ట్రక్కుతో లాగి స్టార్ట్ చేద్దామని పక్కింటాయన అంటున్నారు. ఈ ఆరు వోల్టుల బండిని పన్నెండు వోల్టులకు మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయని మరొకరు చెప్పారు. నాన్నగారిని నొప్పించకుండా బయటి మెకానిక్‌ను ఎలా పిలవాలి, అసలు పిలవాలా వద్దా అన్నది ఈ పాఠకుడి ప్రశ్న.

*

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు అడిగింది మెకానిక్‌ను పిలవడం గురించే అయినా, బండి ఎందుకు స్టార్ట్ కావడం లేదో చెప్పే ఆనవాళ్లు మూడు నాలుగు ఆ ఉత్తరంలోనే ఉన్నాయి. వాటిని విప్పి చూస్తే, పిలవాలా వద్దా అన్న ప్రశ్న కూడా తేలికవుతుందని నా నమ్మకం. కాబట్టి ముందు బండి సంగతి మాట్లాడుకుని, తర్వాత నాన్నగారి దగ్గరికి వద్దాం. నిజానికి ఈ రెండూ ఒకచోట కలుస్తాయి.

పోయిన చోటే వెతుక్కోవాలన్నది పాత మాటే గానీ, విప్పి బిగించిన యంత్రానికి అంతకంటే పనికొచ్చే సూత్రం నాకు తెలియదు. విప్పక ముందు మీ ట్రాక్టరు పొగ వదిలినా నడిచింది. అంటే పాత కాయిల్, పాత కార్బొరేటరు, పాత ప్లగ్గులు ఎంత అరిగిపోయినా పనిచేస్తూనే ఉన్నాయి. కనుక తప్పు మీ చేతులు తాకిన చోటే ఎక్కడో ఉంది. కొత్త సామాను కొని తగిలించిన కొద్దీ మీరు తాకిన చోట్లు పెరిగాయి, అనుమానించవలసిన చోట్లూ పెరిగాయి. ఇకపై ఏదీ కొనకండి. తీసేసిన పాత కాయిల్‌నూ, పాత కార్బొరేటరునూ పారేయకండి. అవి పనిచేసిన సామాన్లు అన్న సంగతి మీకు తెలుసు, కొత్తవాటి గురించి ఆ మాట ఇంకా చెప్పలేం.

ఇప్పుడు మొదటి ఆనవాలుకు వస్తాను. ప్లగ్ వైర్లు నాన్నగారే తన చేత్తో, "ఎప్పటిలాగే 1-3-4-2 వరుసలో" తగిలించారని మీరు మాటల మధ్యలో రాశారు. మన దగ్గరి నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లలో ఎక్కువ వాటికి సిలిండర్లు మండే వరుస అదే, ముప్పై ఏళ్లు పనిచేసిన చేతికి అది అలవాటుగా వచ్చేస్తుంది. కానీ ఫోర్డ్ 8ఎన్ ఇంజిన్ వరుస 1-2-4-3. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి: ఒకటో సిలిండరుకూ నాలుగో సిలిండరుకూ నిప్పు సరిగ్గానే అందుతుంది, రెండూ మూడూ మాత్రం తారుమారవుతాయి. ఆ రెంటిలో నిప్పు పడవలసిన వేళకు ఒక పూర్తి చుట్టు ముందో వెనకో పడుతుంది, అంటే పొగ బయటికి పోవడం ముగిసి ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటున్న సమయంలో పడుతుంది. లోపలికి వస్తున్న పెట్రోలు ఆవిరికి అప్పుడు నిప్పంటుకుంటే మంట కార్బొరేటరు గుండానే వెనక్కి తంతుంది. మొదటి రోజు మీరు చూసింది సరిగ్గా ఇదే. ఇదే పొరపాటు మరో దారిలో కూడా జరుగుతుంది. మీ బండికి డిస్ట్రిబ్యూటరు ఇంజిన్ ముందు భాగాన, నేరుగా వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ కొసకు తగులుకుని ఉంటుంది కాబట్టి, రేడియేటరు వైపు నిలబడి చూస్తే, ఒక్కో వైరుకు నిప్పు అందించే రోటరు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. 1-2-4-3 అని తెలిసి కూడా గడియారం ముల్లు దిశలో వైర్లు పెట్టుకుంటూ పోతే, చివరికి తేలేది ఆ తప్పు వరుసే.

రెండో ఆనవాలు పాయింట్ల గ్యాపు. ఎవరో చెప్పగా 0.025 అంగుళం పెట్టామని రాశారు. ఆ కొలత తప్పు కాదు గానీ, అది మీ బండిది కాదు. 8ఎన్ 1947 నుండి 1952 వరకు అయిదు లక్షలకు పైగా తయారైంది. 1950లో దాని డిస్ట్రిబ్యూటరును ముందు నుండి పక్కకు మార్చారు. పక్కన డిస్ట్రిబ్యూటరు ఉన్న బండ్లకు 0.025, ముందు ఉన్న మీ బండికి 0.015. సలహా ఇచ్చేవాళ్లు చాలామంది తమ బండి కొలతనే చెబుతారు, ఎదుటివారి డిస్ట్రిబ్యూటరు ఎటువైపు ఉందో అడగరు. గ్యాపు ఎక్కువైతే రెండు చెడ్డలు జరుగుతాయి. పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గి కాయిల్ సరిగా నిండదు, అందువల్ల నిప్పు బలహీనపడి పసుపు రంగులోకి దిగుతుంది. పాయింట్లు ముందుగానే తెరుచుకుంటాయి కనుక నిప్పు పడే వేళ కూడా ముందుకు జరుగుతుంది. మంచి నిప్పు అంటే గాలిలో పావు అంగుళం దూకగలిగి, నీలి తెలుపుతో చిటుక్కుమని చప్పుడు చేసేది. ఆ పరీక్ష పెట్రోలు వాసన లేని చోట చేయండి.

మూడోది, రంగు. మీరు ముచ్చటపడి చేసిన పని కనుక ఇది చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఆరు వోల్టుల బండిలో కరెంటు తిరిగి వెళ్లే దారి ఇంజిన్ ఇనుమే. బ్యాటరీ ఎర్త్ పట్టీ బిగించిన చోట, సెల్ఫ్ మోటారు ఇంజినుకు ఆనుకున్న చోట, డిస్ట్రిబ్యూటరు కూర్చున్న చోట కొత్త రంగు పొర ఉంటే ఆ దారి సగం మూసుకుపోయినట్టే. పైగా కొత్త కేబుళ్లు కార్ల సామాను దుకాణంలో కొన్నామన్నారు. అవి పన్నెండు వోల్టుల కార్లకు చేసినవై ఉంటాయి. అదే పనికి ఆరు వోల్టుల దగ్గర రెట్టింపు కరెంటు కావాలి, సన్న తీగలో అది పోలేదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరగడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉండాలి. సెల్ఫ్ అంత కరెంటు మింగేస్తున్న సమయంలో కాయిల్‌కు మిగిలేది అంతంత మాత్రమే, అందుకే నిప్పు ఒకసారి వచ్చి ఒకసారి రాదు. రంగు మొత్తం గీకనక్కరలేదు. ఎర్త్ పట్టీ కింద, సెల్ఫ్ అంచున, డిస్ట్రిబ్యూటరు ఆనే ముఖం మీద ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్దితే చాలు. కేబుళ్లు మాత్రం లావుపాటివి, ఆరు వోల్టులకు తగినవి తెచ్చుకోండి. ఏదీ కొనవద్దన్న నా మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఇంకొక మాట: ఈ బండి పుట్టుకతో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బండి ఇనుముకు తగిలి ఉండాలి. ఇప్పటి కార్ల అలవాటు కొద్దీ మీరు నెగెటివ్‌ను ఎర్త్‌కు పెట్టారు. దానివల్ల సెల్ఫ్ ఎదురు తిరగదు, బండి స్టార్ట్ కాకుండా పూర్తిగా ఆగిపోదు. కానీ నిప్పు కొంత బలహీనమవుతుంది, కరెంటు కొలిచే ఆమ్‌మీటరు తలకిందులుగా చూపుతుంది. బ్యాటరీని సరిగా తిప్పి పెట్టుకుని, బండి నడిచే ముందు జనరేటరును ఆ దిశకు మళ్లీ పోలరైజ్ చేయించండి, అంటే దాని అయస్కాంత దిశను బ్యాటరీకి తగ్గట్టు మార్పించండి.

ఈ మూడూ సరిచేశాక కూడా నిప్పు బాగా రాకపోతే, పాకలో వోల్ట్‌మీటరు పట్టుకుని ఒక చిన్న పరీక్ష చేయండి. తాళం ఆన్ చేసి, కాయిల్ నెత్తి మీది టెర్మినల్ దగ్గర వోల్టులు చూడండి. పాయింట్లు తెరిచి ఉన్నప్పుడు బ్యాటరీలో ఎంత ఉందో దాదాపు అంతా, ఆరు పైచిలుకు కనిపించాలి. మూసి ఉన్నప్పుడు మూడు నాలుగు వోల్టుల మధ్యకు దిగాలి. ఇంజిన్‌ను కొద్ది కొద్దిగా తిప్పుతూ పోతే ఈ రెండు అంకెలూ మార్చి మార్చి రావాలి. ఎప్పుడూ ఆరే ఉంటే పాయింట్లు మూసుకున్నా కరెంటు పారడం లేదని అర్థం. కొత్త పాయింట్ల మీద ఉండే నూనె పొర కూడా అంత పని చేస్తుంది. వాటి మధ్య శుభ్రమైన తెల్ల కాగితం ముక్క పెట్టి లాగితే చాలాసార్లు సరిపోతుంది. ఎప్పుడూ తక్కువే ఉంటే, పాయింట్లు తెరుచుకున్నా కరెంటు మరెక్కడో ఎర్త్‌కు జారిపోతోంది. ఈ రకం డిస్ట్రిబ్యూటరులో కాయిల్ కింది స్ప్రింగు నుండి పాయింట్లకు ఒక సన్నని రాగి రేకు వెళ్తుంది, అది గోడను తాకకుండా ఒక చిన్న ఇన్సులేటరు ఉంటుంది. విప్పి బిగించేటప్పుడు ఆ ఇన్సులేటరు పక్కకు జరగడమో, రేకు వంగి గోడకు ఆనడమో ఎంత సాధారణమంటే, ఈ బండ్లను బాగా తెలిసినవాళ్లు ముందు అక్కడే చూస్తారు. బయట చూస్తే ఏమీ తెలియదు, డిస్ట్రిబ్యూటరును రెండు బోల్టులు తీసి బల్ల మీద పెట్టుకుని చూడాలి. ఎలాగూ 0.015 గ్యాపు సరిచేయడానికి దాన్ని బయటికి తీయవలసిందే కనుక ఆ పనిలోనే ఇదీ అయిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు జాగ్రత్త: దాని వెనక నాలుక మధ్యకు కాకుండా ఒక పక్కకు ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ గాడిలో ఒక్క తీరునే కూర్చుంటుంది. కూర్చోకపోతే సగం చుట్టు తిప్పి చూడండి గానీ, బోల్టులతో లాగి కూర్చోబెట్టకండి. చెవులు విరిగిపోతాయి. పరీక్ష కాగానే తాళం ఆపేయడం మరవకండి. పాయింట్లు మూసి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కి లోపలి తారు కరిగి బయటికొస్తుంది. మీరు కొన్న కొత్త కాయిల్ ఈ మూడు వారాల్లో ఇంకా బాగుందో లేదో నాకు అనుమానమే. పాతది దాచి ఉంచమన్నది అందుకే.

పెట్రోలు సంగతి తొందరగా తేలిపోతుంది. ఈ బండికి పెట్రోలు పంపు లేదు, టాంకు నుండి కిందికి దానంతట అదే దిగుతుంది. కార్బొరేటరు అడుగున ఉన్న ప్లగ్ తీసి, కింద డబ్బా పెట్టి, రెండు నిమిషాల్లో సుమారు అర లీటరు పడుతుందేమో చూడండి. ధార ఆగకుండా పడితే పెట్రోలు అందుతోంది, ఇక ఆ చర్చ వదిలేయవచ్చు. మొదట బాగా వచ్చి తర్వాత సన్నగిల్లితే టాంకు కింది గాజు గిన్నెలోని జల్లెడో, టాంకు మూత రంధ్రమో మూసుకుపోయి ఉంటుంది. గాజు గిన్నె పైనున్న తిరుగుడు ట్యాపు రెండు చుట్లు తిప్పితేనే మామూలు పెట్రోలు వస్తుందని, పూర్తిగా తిప్పితే అడుగున దాచిన రిజర్వు కూడా దిగుతుందని గుర్తుంచుకోండి. నాన్నగారి మాట ఈ ఒక్క పరీక్షతో గౌరవంగా తేలుతుంది. ఆయన అన్నది జరగరానిదేమీ కాదు.

కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మీరు వాల్వులు గ్రైండింగ్ చేయించారు. ఈ ఇంజినులో వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే సిలిండరు పక్కన ఉంటాయి, చాలా 8ఎన్ ఇంజిన్లలో వాల్వు కాడను పైకి నెట్టే టాపెట్లకు సవరించుకునే స్క్రూ ఉండదు. సీటును గ్రైండ్ చేసినప్పుడు వాల్వు కొంచెం లోతుకు దిగుతుంది, దాని కాడ అంత కిందికి వచ్చి టాపెట్ మీద ఆనుతుంది. ఆ ఖాళీని కాడ కొస అరగదీసి మళ్లీ తెచ్చుకోకపోతే వాల్వు ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. గేజు పెట్టి నాలుగు సిలిండర్లూ చూడండి. 90 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లో అన్నీ ఒక్క తీరున ఉంటే సంతోషం. ఒకటో రెండో బాగా తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే కొత్త రింగులు ఇంకా పొడిగా ఉన్నాయన్నమాట, పెరగకపోతే అనుమానం వాల్వుల మీదికే పోవాలి. నాలుగూ ఒకేలా తక్కువగా ఉంటే మాత్రం టైమింగ్ గేర్ల గుర్తులు ఒక పన్ను తప్పి కూర్చున్నాయేమోనని కవర్ తీయవలసి వస్తుంది. మీ అదృష్టం కొద్దీ, ఈ రకం ఇంజినులో వాల్వులు పిస్టన్ దారిలో లేవు కనుక, పన్ను తప్పినా ఏదీ వంగి ఉండదు.

ఇక పక్కింటాయన సూచనకు వస్తాను. మిగతా విషయాల్లో మీ ఇష్టానికి వదిలినా, ఈ ఒక్కచోట గట్టిగా వద్దంటున్నాను. వెనక్కి మంట తన్నే ఇంజినులోకి ఈథర్ కొట్టడమంటే ఆ మంటకు ఇంకా సులువుగా అంటుకునే ఆహారం ఇవ్వడమే. అది కార్బొరేటరు దగ్గరే అంటుకోవచ్చు, కొత్త రింగులూ పిస్టన్ గాడులూ పగలవచ్చు. వైర్లు తారుమారై ఉండగా లాగి స్టార్ట్ చేస్తే, రెండు సిలిండర్ల మీద ఎగిరెగిరి లేచి తాడు పక్కకు లాగే ప్రమాదం ఉంది. ఆయన మంచికే అంటున్నారు, సందేహం లేదు. ఆయనకు మరో పని అప్పగించండి. చెబుతాను.

పన్నెండు వోల్టులకు మార్చడం చెడ్డ పనేమీ కాదు, ఈ బండ్లలో చాలావాటికి ఇప్పటికే మార్చారు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతుంది, బ్యాటరీ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. కానీ అందుకు జనరేటరు తీసి ఆల్టర్నేటరు పెట్టాలి, కాయిల్ మార్చాలి లేదా దానికి ముందు తగిన రెసిస్టరు వేయాలి, ఎర్త్ నెగెటివ్‌కు మారాలి. అంటే ఏది తప్పో తెలియని బండికి మరో అరడజను కొత్త అనుమానాలు తగిలించినట్టవుతుంది. తారుమారైన వైర్లు పన్నెండు వోల్టులకూ తారుమారుగానే ఉంటాయి. బండి ఆరు వోల్టుల మీద నడిచాక, వచ్చే శీతాకాలం చలిలో ఇబ్బంది అనిపిస్తే అప్పుడు మార్చుకోవచ్చు. అప్పుడైతే నడుస్తున్న బండి మీద మార్పు చేస్తున్నారు కనుక ఎక్కడ తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు నాన్నగారి సంగతి. "ఇది డీజిల్ బండి కాదు నాన్నా" అన్న మాటలో తప్పేమీ లేదు, అన్న చోటే తప్పు. పరాయి దేశంలో, భాష రాని పక్కింటి మనిషి ఎదుట, ఆయనకు బలంగా మిగిలింది ఆ చేతి పని ఒక్కటే. దానినే మీరు కాదన్నారు. కానీ ఆ మాట మీరు నిజంగా ఆలోచించి అన్నారా అని కూడా అడుగుతాను. డీజిల్ బండికీ దీనికీ క్రాంక్, పిస్టన్, వాల్వు, గేరు, కంప్రెషన్ అన్నీ ఒకటే. తేడా అల్లా మంట ఎలా పుడుతుందన్నదే. డీజిల్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టిన వేడికే నూనె అంటుకుంటుంది, కనుక అక్కడ పంపు ఏ క్షణాన నూనె కొడుతుందో అదే ప్రాణం. ఇక్కడ అంత వేడి పుట్టదు, నిప్పురవ్వ ఏ క్షణాన పడుతుందో అదే ప్రాణం. డీజిల్ పంపు చేసే పనిని ఇక్కడ డిస్ట్రిబ్యూటరు చేస్తుంది, ప్రెషర్ పైపుల స్థానంలో ప్లగ్ వైర్లు ఉంటాయి, నాజిల్ ఉన్నచోట ప్లగ్గు, పంపు టైమింగ్ బదులు పాయింట్లు. ఈ నాలుగు మాటలు మీరు ఆయనతో అన్నరోజు ఆ ఇంజిన్ ఆయనకు కొత్తది కాకుండా పోతుంది. నిజానికి ఆ ట్రాక్టరు వెనక భాగం ఆయనకు ఎప్పుడూ కొత్తది కాదు. దాని మూడు చేతుల లింకేజి హ్యారీ ఫెర్గూసన్ పద్ధతి. ఆ పద్ధతి 1939లో ఫోర్డ్ 9ఎన్‌తో అమెరికా పొలాల్లోకి వచ్చింది, అదే ఫెర్గూసన్ పేరు ఆయన మన ఊళ్లలో బాగుచేసిన మాసీ ఫెర్గూసన్ బండ్ల మీద ఉంటుంది. నాగలి ఎత్తి దించే ఆ చేతులను ఆయన ముప్పై ఏళ్లు పట్టుకున్నారు.

వైర్ల వరుస తప్పన్న మాట ఆయనకు ఎలా చెప్పాలన్నదే మీ అసలు చిక్కు. నా సలహా, మీరు చెప్పకండి, ఇంజిన్‌నే చెప్పనివ్వండి. ఇందులో మభ్యపెట్టడం ఏమీ లేదు, ఏ మంచి మెకానిక్ అయినా పుస్తకం కంటే ముందు నమ్మేది దీనినే. ముందు ఆయన దగ్గర కూర్చుని, ఆ రోజు అలా అనకూడదు నాన్నా అని ఒక్క మాట చెప్పండి. సంజాయిషీ వద్దు, ఆ మాట చాలు. తర్వాత, ప్లగ్ వైర్ల వరుస మీద నాకు అనుమానంగా ఉంది, మీరు వేలు పెట్టి చూసి చెప్పండి అని అడగండి. తాళం ఆఫ్ చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, గేరు నాలుగులో పెట్టండి. మీరూ పక్కింటాయనా బండిని మెల్లగా ముందుకు నెట్టండి, ఆయనకు నేను అప్పగిస్తానన్న పని ఇదే. నాన్నగారు రేడియేటరు పక్కనున్న ఒకటో సిలిండరు రంధ్రం మీద బొటనవేలు పెడతారు. గాలి వేలిని తన్నిన తర్వాత వేలు రెండో దానికీ మూడో దానికీ మార్చి చూస్తారు. ఒకటి తర్వాత తన్నేది రెండు, ఆ తర్వాత నాలుగు, చివరికి మూడు. ఆ వరుస ఆయన వేలికే తెలుస్తుంది, దానితో వాదించవలసిన అవసరం ఎవరికీ ఉండదు. ఒకటో సిలిండరు గాలి తన్ని పిస్టన్ పైకి వచ్చి ఆగినచోట డిస్ట్రిబ్యూటరు మూత తీసి, చోటు ఇరుకే గానీ, రోటరు ఏ వైపు చూస్తోందో చూడండి. అదే ఒకటో వైరు చోటు. అక్కడి నుండి గడియారం ముల్లుకు ఎదురుగా రెండు, నాలుగు, మూడు.

ఈ పనులన్నీ రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతాయి. ముందు రంగు గీకడం, కేబుళ్లు, బ్యాటరీ దిశ. తర్వాత డిస్ట్రిబ్యూటరు బల్ల మీద. ఆ పైన వైర్ల వరుస, పెట్రోలు ధార, కంప్రెషన్. ఒక్కొక్కటి చేశాక ఏం కనిపించిందో కాగితం మీద రాసుకోండి, ఒకేసారి రెండు మార్చకండి. ఇలా చేస్తే బండి లేవడానికి మంచి అవకాశం ఉంది. మీరు రాసిన లక్షణాలన్నీ ఈ నాలుగైదు చోట్లకే దారి చూపిస్తున్నాయి.

అప్పటికీ లేవకపోతే మెకానిక్‌ను పిలవడం తప్పేమీ కాదు, దానివల్ల నాన్నగారు చిన్నబోతారన్న భయం కూడా అంత అవసరం లేదు. చిన్నబోయేది ఎప్పుడంటే, ఆయన లేనప్పుడు ఎవరో వచ్చి బాగుచేసి పోయినప్పుడు. మీరుండే పల్లె ప్రాంతంలో ఈ బండ్లతో పెరిగిన పెద్దవాళ్లు తప్పక దొరుకుతారు. అటువంటి ఒకరిని ఆదివారం పూట భోజనానికి పిలిచి, కాగితం మీది అంకెలు చూపించి, ఇద్దరినీ ఇంజిన్ పక్కన నిలబెట్టండి. మధ్యలో మీరు మాటలు తర్జుమా చేస్తే చాలు. ఇద్దరు పాత మెకానిక్‌లు తెరిచిన ఇంజిన్ ముందు నిలబడితే భాష పెద్ద అడ్డంకి కావడం నేనెప్పుడూ చూడలేదు. కాకపోతే అప్పుడు పని ఆయన చేతిలో నుండి కొంత జారుతుంది, ఆ సంగతి ముందే ఒప్పుకోండి. మరమ్మతు షెడ్డుకు ట్రాలీ మీద పంపించే దారి కూడా ఉంది. ఖర్చు ఎక్కువ, నాన్నగారి ప్రయాణం లోపల వస్తుందో లేదో తెలియదు, మళ్లీ ఇంటికి వచ్చేసరికి ఆయన ఉండకపోవచ్చు. నేనైతే ఆ దారి ఆఖరున పెట్టుకుంటాను.

ఏదీ కుదరక అయిదు వారాలు గడిచిపోయే పరిస్థితే వస్తే, తొందరపడి ఏదో ఒకటి బలవంతంగా చేయడం కంటే ఆపడమే మేలు. నాలుగు సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, ఒక చుట్టు తిప్పి, ప్లగ్గులు బిగించి, పెట్రోలు దించేసి, కార్బొరేటరు నోటికి గుడ్డ కట్టండి. మీరు రాసుకున్న కాగితం ఫొటో నాన్నగారి ఫోనులో కూడా ఉండాలి. ఊరు వెళ్లాక ఆయనతో వీడియోలో చూపిస్తూ పని చేసుకోవచ్చు. ఆయనకు దూరం నుండి చూడడం అసంతృప్తిగా ఉంటుందని తెలుసు, అందుకే దాన్ని మొదటి ఎంపికగా చెప్పడం లేదు.

లేచిందనుకోండి, లేస్తుందనే నేను అనుకుంటున్నాను, ఆ ఉత్సాహంలో మరిచిపోకూడనివి రెండున్నాయి. ముందుగా ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిందో లేదో చూడండి, కొన్ని క్షణాల్లో లేవకపోతే వెంటనే ఆపేయండి. బాగా వేడెక్కిన తర్వాత ఆపి, చల్లారాక హెడ్ బోల్టులు వరుస క్రమంలో మరొక్కసారి బిగించాలి, కొత్త గాస్కెట్ అప్పుడు కొంచెం కుదురుకుంటుంది. ఆ రెండో బిగింపు నాన్నగారి చేత చేయించండి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి ఆయన చేతికిచ్చి, అంకె మీరు చదవండి.